ఆంటాలజీని చిత్రంగా చూపే సాఫ్ట్‌వేర్‌ను బేరీజు వేయడం ఎలా?

ఒక రంగానికి చెందిన జ్ఞానాన్ని క్లాసులుగా, వాటి మధ్య సంబంధాలుగా, నియమాలుగా కంప్యూటర్ చదవగలిగే రూపంలో పెట్టడమే నాలెడ్జ్ ఇంజినీరింగ్. అలా రాసిపెట్టినదాన్ని ఆంటాలజీ అంటారు, అందులో క్లాసు అంటే ఒకే తరహా వస్తువుల రకం. ఈ పనిలోకి దిగిన ఎవరికైనా, రాసినదాన్ని ఒకసారి బొమ్మగా చూసుకోవాలన్న అవసరం చాలా త్వరగా ఎదురవుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రొటెజే ఎడిటర్‌లో ఔల్‌విజ్, ఆంటోగ్రాఫ్ వంటి ప్లగిన్‌లు ఉన్నాయి. బ్రౌజర్‌లోనే తెరుచుకునే వెబ్‌వౌల్ ఉంది. గెఫీ, సైటోస్కేప్ వంటి సాధారణ గ్రాఫ్ సాధనాలను కూడా కొందరు ఇందుకు వాడుతుంటారు. వీటిలో దేన్ని తీసుకోవాలో చాలా బృందాలు డెమో చూసి తేల్చేస్తాయి. డెమోలో ఇరవై నోడ్‌లు (ఒక్కో క్లాసుకు గీసే చుక్కలు లేదా డబ్బాలు) ముచ్చటగా అమరి ఉంటాయి, మీ ఆంటాలజీలో మాత్రం వేల క్లాసులు ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలోని ప్రతి మెట్టూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ చిత్రం నా ఆంటాలజీలో దేన్ని చూపిస్తోంది, దేన్ని చూపకుండా వదిలేస్తోంది? ఆ రెండో సగానికి జవాబు దొరికేదాకా ఏ సాధనాన్నీ ఖాయం చేసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ముందుగా పనిని రాసుకోండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే, దాన్ని ఎవరు ఏ పనికి వాడబోతున్నారో ఒక పేజీలో రాయండి. ఆంటాలజీ రాసే ఇంజినీరు, దాన్ని సరిచూసే విషయ నిపుణులు, కొత్తగా బృందంలో చేరినవారు, బయటివారికి చూపించడానికి బొమ్మ కావాలనే మేనేజరు, వీరందరి అవసరాలు వేరు వేరు. ఇంజినీరుకు రీజనర్ (రాసిన నియమాల నుంచి కొత్త నిర్ధారణలు తేల్చే ప్రోగ్రామ్) ఒక క్లాసును ఫలానా చోట ఎందుకు పెట్టిందో తెలియాలి. డాక్టరుకో వ్యవసాయ శాస్త్రవేత్తకో తమకు తెలిసిన విషయం సరైన మాటల్లో, సరైన చోట ఉందో లేదో కనిపిస్తే చాలు. మేనేజరుకు కావలసిన బొమ్మ గోడకు అంటించేది కాబట్టి దాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి, దానికి ఏ సాధనమైనా సరిపోతుంది.

ఆ తరువాత ఒక్కొక్కరి పనినీ ప్రశ్నలుగా మార్చండి. ఆంటాలజీ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలో ముందే రాసిపెట్టుకునే పద్ధతిని మైఖేల్ గ్రూనింగర్, మార్క్ ఫాక్స్ 1995లో ప్రతిపాదించారు. వాటిని కాంపిటెన్సీ ప్రశ్నలు అంటారు. చిత్రం విషయంలోనూ అదే పని చేయాలి. “ఈ క్లాసుకు ఎన్ని పై క్లాసులు ఉన్నాయి?”, “ఈ రెండు క్లాసులు ఎక్కడ కలుస్తాయి?”, “నేను రాసిన వరుసకూ రీజనర్ తేల్చిన వరుసకూ తేడా ఎక్కడుంది?”, “ఈ ప్రాపర్టీని (అంటే సంబంధాన్ని) ఏయే క్లాసులు వాడుతున్నాయి?” వంటివి పది పన్నెండు చాలు. “మొత్తం స్వరూపం అర్థం కావాలి” అన్న వాక్యాన్ని మాత్రం జాబితాలో ఉంచకండి, ఎందుకంటే దానికి సరైన జవాబు, తప్పు జవాబు అంటూ ఉండవు, అలాంటప్పుడు ఏ సాధనమూ అందులో ఓడిపోదు.

పోల్చడానికి ఒక ఆధారం కూడా ఇప్పుడే ఎంచుకోండి. మామూలు మెట్లవారీ జాబితా, అంటే ప్రొటెజేలో ఎడమవైపు కనిపించే క్లాసుల చెట్టు, ఆ ఆధారంగా బాగా పనికొస్తుంది. కొత్త సాధనం ఆ జాబితా కంటే ఏ ప్రశ్నలో మెరుగైందో చూపలేకపోతే దానికి డబ్బు గానీ సమయం గానీ పెట్టనవసరం లేదు. ఇది తేలికైన పోటీ అనుకోకండి. బో ఫూ, నటాషా నోయ్, మార్గరెట్-యాన్ స్టోరీ 2013లో ప్రచురించిన అధ్యయనంలో కొత్తవారికి మెట్ల జాబితా క్రమంగా, అలవాటైన రూపంగా తోచింది. గ్రాఫ్ ఏమో ఒకే క్లాసు పదే పదే కనిపించే గందరగోళం లేకుండా చూపగలిగింది. రెండింటికీ వేరు వేరు బలాలు ఉన్నాయన్నమాట.

చిత్రాల రకాలు

అకృవి కటిఫోరి, మరికొందరు పరిశోధకులు 2007లో రాసిన సర్వేలో ఈ సాధనాలను ఆరు రకాలుగా విభజించారు: మెట్ల జాబితాలు, నోడ్‌లూ గీతల చెట్లు, జూమ్ చేస్తూ లోపలికి వెళ్లేవి, స్థలాన్ని పంచి నింపేవి, చూస్తున్న చోటును పెద్దదిగా చేసి మిగతాదాన్ని కుదించేవి, త్రీడీ దృశ్యాలు. మీ పరీక్షకు ఒకే రకానికి చెందిన మూడు సాధనాలను తీసుకోవడం కంటే వేరు వేరు రకాల నుంచి ఒక్కొక్కటి తీసుకోవడం మంచిది. గీతలు దట్టంగా ఉన్న చోట పట్టిక రూపాన్ని, అంటే అడ్డంగా, నిలువుగా క్లాసుల పేర్లు రాసి సంబంధం ఉన్న గడిని నింపే పద్ధతిని కూడా చేర్చండి. ఘోనియెమ్, ఫెకెట్, కస్టగ్లియోలా 2004లో చేసిన ప్రయోగాల్లో ఇరవై నోడ్‌లు దాటిన గ్రాఫ్‌లలో ఎక్కువ పనులకు పట్టికే మెరుగ్గా తేలింది. ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు దారి వెతికే పనిలో మాత్రం గీతల చిత్రం నిలదొక్కుకుంది.

పిజ్జా ఆంటాలజీతో మొదటి పరీక్ష

మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు బోధన కోసం తయారుచేసిన పిజ్జా ఆంటాలజీ చిన్నది, సుమారు వంద క్లాసులది. అందులో ఏముందో ఈ రంగంలోని వారికి బాగా తెలుసు కాబట్టి, చిత్రంలో ఏది తప్పిపోయిందో వెంటనే పట్టుకోవచ్చు. ఈ మెట్టు మీద తొందరపడకండి, మిగతా అన్నింటికంటే దీని నుంచే ఎక్కువ తెలుస్తుంది.

మొదట మార్గరీటా పిజ్జాను తీసుకోండి. దానికి రెండు రకాల నియమాలు ఉన్నాయి. మొజరెల్లా టాపింగ్ కనీసం ఒకటి, టమాటా టాపింగ్ కనీసం ఒకటి ఉండాలన్నవి “సమ్” నియమాలు. ఆ రెండు తప్ప ఇంకే టాపింగూ ఉండకూడదన్నది “ఓన్లీ” నియమం. ఆంటాలజీలు రాయడానికి వాడే ఔల్ భాషలో చెప్పని విషయం అబద్ధమని అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఈ చివరి నియమం లేకపోతే మార్గరీటా మీద చేప కూడా ఉండవచ్చునని రీజనర్ భావిస్తుంది, దాన్ని శాకాహార పిజ్జాల కింద చేర్చదు. ఇప్పుడు ఫైలుకు ఒక నకలు తీసి, అందులో ఆ ఒక్క “ఓన్లీ” నియమాన్ని తుడిచివేయండి. అసలునూ నకలునూ మీరు పరీక్షిస్తున్న సాధనంలో పక్కపక్కన తెరవండి. రెండు చిత్రాలూ అచ్చంగా ఒకేలా ఉంటే, అర్థాన్ని తలకిందులు చేసే మార్పు ఆ సాధనం కంటికి ఆనలేదని రాసుకోండి. ఆంటోగ్రాఫ్ “సమ్” గీతనూ “ఓన్లీ” గీతనూ వేరు వేరు రకాలుగా పేర్కొని, కావాలంటే ఒకదాన్ని ఆపేసే వీలు ఇస్తుంది. వెబ్‌వౌల్ వాడే వౌల్ గీతల పద్ధతి ప్రధానంగా ప్రాపర్టీల డొమైన్ (సంబంధం ఏ క్లాసు నుంచి మొదలవుతుందో), రేంజ్ (ఏ క్లాసుకు చేరుతుందో) ఆధారంగా గీస్తుంది కాబట్టి, అర్థమంతా నియమాల్లోనే ఉన్న ఆంటాలజీలో అది చూపేది కొంత భాగమే. దాన్ని లోపమని కొట్టిపారేయనక్కరలేదు. డొమైన్, రేంజ్ చక్కగా రాసిన చిన్న పదకోశాలను బయటివారికి పరిచయం చేయడానికి వెబ్‌వౌల్ ఎంతో పనికొస్తుంది. మీ ఆంటాలజీ ఏ కోవకు చెందినదో మీరు తేల్చుకోవాలి.

రెండోది, అదే ఫైలులో కావాలనే పెట్టిన రెండు తప్పు క్లాసులు. ఛీజీ వెజిటబుల్ టాపింగ్ అన్నది ఛీజ్ టాపింగ్‌కూ కూరగాయల టాపింగ్‌కూ కింది క్లాసు. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకూడదని ఆంటాలజీలో వేరే చోట రాసి ఉంది, కాబట్టి దానికి ఉదాహరణ అంటూ ఏదీ ఉండజాలదు. ఐస్‌క్రీమ్ సంగతి ఇంకా సూక్ష్మమైనది. టాపింగ్ ప్రాపర్టీకి డొమైన్ పిజ్జా అని రాశారు, ఐస్‌క్రీమ్‌కు పండ్ల టాపింగ్ ఉందని రాశారు, ఐస్‌క్రీమూ పిజ్జా వేరని కూడా రాశారు. డొమైన్ అన్నది కాపలాదారులా అడ్డుకోదు, “దీనికి టాపింగ్ ఉంది కాబట్టి ఇది పిజ్జాయే” అని రీజనర్ చేత చెప్పిస్తుంది. రీజనర్‌ను నడిపాక ప్రొటెజే ఈ రెండు క్లాసుల పేర్లనూ ఎర్రగా చూపుతుంది. మీ సాధనం రీజనర్ ఫలితాన్ని అసలు తీసుకుంటుందా? తీసుకుంటే ఆ క్లాసులను ఎక్కడ పెడుతుంది? తప్పుకు కారణమైన మూడు వాక్యాలనూ చిత్రంలో ఒకచోట చూడగలమా? చాలా సాధనాలు ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోతాయి. ఇలాంటి చోట ప్రొటెజేలో వివరణ బటన్ నొక్కితే వచ్చే నాలుగు వరుసల పాఠమే ఏ బొమ్మకన్నా సూటిగా ఉంటుందని నా అనుభవం. ఏ పనికి చిత్రం వద్దో తెలుసుకోవడం కూడా ఈ మదింపులో భాగమే.

మూడోది, రాసిన వరుసనూ రీజనర్ తేల్చిన వరుసనూ విడివిడిగా చూపుతుందో లేదో చూడండి. ఔల్‌విజ్ ఈ పనినే చేస్తుంది. రెండింటినీ కలిపి ఒకే రంగు గీతలతో గీసే సాధనంలో, మీరు చేతితో రాసినది ఏదో, యంత్రం కనిపెట్టినది ఏదో ఆరు నెలల తరువాత మీకే తెలియదు.

తప్పులు నాటి చూడండి

ఇప్పుడు మీ సొంత ఆంటాలజీ నకలులో తెలిసిన తప్పులను నాటండి. ఏ తప్పు ఎక్కడ పెట్టారో ఒక కాగితం మీద రాసి, పరీక్షలో పాల్గొనేవారికి కనబడకుండా ఉంచండి. నాటవలసిన తప్పులు మీ పనిలో నిజంగా దొర్లేవే కావాలి. భాగాన్ని రకంగా రాయడం చాలా చోట్ల కనిపించే తప్పు. గుండె కవాటాన్ని గుండెకు కింది క్లాసుగా పెడితే, ప్రతి కవాటమూ ఒక గుండె అని చెప్పినట్లవుతుంది. ఒకే భావనకు రెండు స్పెల్లింగులతో రెండు క్లాసులు పెట్టడం, డొమైన్ రేంజ్‌లను తారుమారు చేయడం, ఒక క్లాసును ఏ సంబంధమూ లేకుండా వదిలేయడం కూడా చేర్చండి. ఒక వలయాన్ని కూడా నాటండి: మొదటిది రెండోదాని కింద, రెండోది మూడోదాని కింద, మూడోది మళ్లీ మొదటిదాని కింద. తర్కం ప్రకారం ఆ మూడూ ఒకటే క్లాసు అయిపోతాయి. చిత్రంలో మాత్రం కొన్ని సాధనాలు ఆ చెట్టును ఎంత విప్పినా అంతు లేకుండా చూపవచ్చు, మరికొన్ని ఒక గీతను చెప్పకుండా వదిలేయవచ్చు.

ఒక్కో సాధనంలో ఎన్ని తప్పులు బయటపడ్డాయో, ఒక్కోదానికి ఎంత సేపు పట్టిందో రాయండి. సంఖ్య కంటే రకం ముఖ్యం. స్థానం తప్పిన క్లాసులన్నీ దొరికి, నియమాల్లోని తప్పులు ఒక్కటీ దొరకకపోతే, ఆ సాధనం ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో మీకు తేలిపోయినట్లే.

పరిమాణం, వేగం

చిన్న ఫైలులో నెగ్గిన సాధనాన్ని, జన్యువులు చేసే పనులను వర్ణించే జీన్ ఆంటాలజీ మీద పెట్టండి. 1998లో మొదలైన ఈ ఆంటాలజీలో ఇప్పుడు దాదాపు 40,000 పదాలు ఉన్నాయి, ఒక పదానికి అనేక పై పదాలు ఉండటం అందులో మామూలే, రకం, భాగం, నియంత్రణ అనే వేరు వేరు సంబంధాలు ఒకే అల్లికలో ఉంటాయి. మెట్ల జాబితాలో ఒకే పదం పలు చోట్ల కనిపించినప్పుడు, అది ఒకటేనని సాధనం తెలియజేస్తుందా అని చూడండి. సంబంధాలను రకం వారీగా ఆపి చూసే వీలు లేకపోతే ఇక ముందుకు వెళ్లనక్కరలేదు. వైద్య రంగంలో పనిచేసేవారు స్నోమెడ్ సీటీ అనే వైద్య పదజాలాన్ని ప్రయత్నించాలి. అందులో మూడున్నర లక్షలకు పైగా భావనలు ఉన్నాయి. మన దేశంలో దాన్ని అందించే జాతీయ కేంద్రం పుణెలోని సీ-డాక్‌లో ఉంది.

అంతటినీ ఒకే తెర మీద గీయమని అడగకండి. 1920 బై 1080 తెర మీద 40,000 నోడ్‌లు గీస్తే ఒక్కోదానికి సుమారు 52 పిక్సెళ్లు దక్కుతాయి, అంటే ఏడు పిక్సెళ్ల పొడవు, ఏడు పిక్సెళ్ల వెడల్పు; అందులో పేరు కాదు కదా, ఒక అక్షరం కూడా ఇమడదు. పెద్ద ఆంటాలజీలో నిజంగా కావలసింది, పేరుతో వెతికి ఒక క్లాసు దగ్గర దిగి, దాని చుట్టుపక్కలను కొద్దికొద్దిగా విప్పుకుంటూ వెళ్లి, వచ్చిన దారిలోనే వెనక్కి రాగలగడం. ఈ నాలుగింటినీ విడివిడిగా పరీక్షించండి. వెనక్కి రావడం దగ్గరే ఎక్కువ సాధనాలు తడబడతాయి. వేగానికి యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన హద్దులు చాలు: సెకనులో పదో వంతులో జరిగితే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది.

ఒక చిన్న పరీక్షను మాత్రం తప్పనిసరిగా చేయండి. చిత్రాన్ని భద్రపరిచి, ఒకే ఒక్క క్లాసును చేర్చి, మళ్లీ తెరవండి. మిగతా నోడ్‌లన్నీ చోటు మారిపోయి ఉంటే, నిపుణులు “పై కుడి మూలన ఉన్న గుంపు” అని గుర్తుపెట్టుకున్నదంతా వృథా అవుతుంది.

తెలుగు పేర్లు

తెలుగు పేర్లతో పని చేసేవారికి ఈ మెట్టు తప్పదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ బహుభాషా పదకోశంలో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి, కాబట్టి పరీక్షకు అసలైన సరుకు సిద్ధంగా దొరుకుతుంది. ముందుగా, పేర్లను తెలుగులో చూపమని అడిగే వీలు ఉందా, తెలుగు పేరు లేని చోట ఇంగ్లీషు పేరుకు దానంతట అదే మారుతుందా, లేక ఖాళీ డబ్బాను చూపుతుందా చూడండి. తరువాత డబ్బాల అంచులను దగ్గరగా గమనించండి; గుడులు పైన, వత్తులు కింద తెగిపోవడం తరచుగా జరుగుతుంది. పొడవైన పేరును సాధనం ఎలా కత్తిరిస్తుందన్నది ఇంకా ముఖ్యం. యూనికోడ్ సంకేతాలను లెక్కపెట్టి కత్తిరించే సాధనం “సస్యరక్షణ”ను ఏడో సంకేతం దగ్గర కోస్తే తెర మీద “సస్యరక్…” అని పొల్లుతో వేలాడుతుంది. అక్షరం సరిహద్దులు తెలిసిన సాధనమైతే “సస్యరక్ష…” దగ్గర ఆగుతుంది. చివరగా, మధ్యలో కంటికి కనబడని జోడణ నిరోధక సంకేతం (అక్షరాలు కలిసిపోకుండా ఆపే ZWNJ) ఉన్న పేరును అది లేకుండా టైపు చేసి వెతకండి. దొరకకపోతే, మీ నిపుణులు ఆ క్లాసు లేదనుకుని అదే క్లాసును మళ్లీ సృష్టిస్తారు.

మనుషులతో పరీక్ష

ఇంతవరకు చేసినవన్నీ మీరు ఒంటరిగా చేయగలిగినవే. నిగ్గు తేలేది మాత్రం, దాన్ని రోజూ వాడబోయేవారిని కూర్చోబెట్టినప్పుడే. మొదట రాసిన ప్రశ్నలను సమానమైన కష్టంతో రెండు సెట్లుగా చేయండి, ఎందుకంటే ఒక సాధనంలో జవాబు కనుక్కున్నవారికి రెండో సాధనంలో అదే ప్రశ్న ప్రశ్నే కాదు. సగం మందికి మొదటి సాధనాన్ని ముందు ఇవ్వండి, మిగతా సగానికి రెండోదాన్ని ముందు ఇవ్వండి. ప్రశ్నల సెట్లనూ అదే విధంగా అటూ ఇటూ మార్చండి. పని చేస్తూ మనసులోని మాటలను పైకి చెప్పమనండి. “ఇక్కడ నొక్కండి” అని మీరు నోరు జారకండి. వారు ఎక్కడ ఆగారన్నదే మీకు కావలసిన సమాచారం. లోపాలు వెలికితీయడానికి ఐదారుగురు చాలు, కానీ ఏ సాధనం మేలో అంకెలతో నిరూపించడానికి ఆ సంఖ్య చాలదు, కాబట్టి అంత కొద్దిమందితో సగటులు కట్టి నివేదికలో పెట్టకండి.

ప్రతి జవాబు పక్కన మూడు విషయాలు రాయండి: సరైనదా కాదా, ఎంత సేపు పట్టింది, జవాబు మీద వారికి ఎంత నమ్మకం. తప్పు జవాబును పూర్తి నమ్మకంతో చెప్పిన సందర్భాలను విడిగా గుర్తించండి. నెమ్మదైన సాధనం సమయాన్ని తింటుంది. తప్పును నమ్మించే సాధనం ఆంటాలజీనే పాడు చేస్తుంది.

చివర్లో అభిప్రాయం కోసం జాన్ బ్రూక్ రూపొందించిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ పది వాక్యాలను ఇవ్వవచ్చు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. బేసి సంఖ్య వాక్యాల మార్కులోంచి ఒకటి తీసేసి, సరి సంఖ్య వాక్యాల మార్కును ఐదులోంచి తీసేసి, వచ్చిన పదింటినీ కూడి, రెండున్నరతో గుణిస్తే సున్నా నుంచి వందలోపు స్కోరు వస్తుంది. సాధారణ సగటుగా 68ని చెబుతుంటారు. ఇది వాడేవారి అభిప్రాయాన్ని కొలిచేదే గనుక, సరైన జవాబుల లెక్కకు దీన్ని ప్రత్యామ్నాయంగా వాడకండి.

ఫైలు, లైసెన్సు, ఆయుష్షు

సాధనం ఫైలును మార్చగలిగేదైతే, ఏమీ మార్చకుండా తెరిచి భద్రపరచండి, అసలుతో పోల్చండి. రోబోట్ అనే కమాండ్‌లైన్ సాధనంలోని డిఫ్ ఆదేశం ఇందుకు చక్కగా సరిపోతుంది. వ్యాఖ్యలు, భాషా గుర్తులు, సాధనానికి అర్థం కాని నియమాలు మాయమైతే ఆ సాధనాన్ని చూడటానికి మాత్రమే వాడుకోవాలి. చిత్రం అమరికను వేరే ఫైలులో దాస్తుందా, దాన్ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టవచ్చా అన్నది కూడా అడగండి. ఆన్‌లైన్ సాధనమైతే, మీ ఆంటాలజీ ఎవరి సర్వర్‌కు వెళుతుందో తెలియకుండా రహస్య సమాచారం ఎక్కించకండి.

విక్టోరియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన జంబలాయా ఒకప్పుడు ప్రొటెజే పాత రూపాల్లో పేరున్న ప్లగిన్. ఎడిటర్ కొత్త రూపాలకు మారినప్పుడు ఆ స్థానంలోకి ఆంటోగ్రాఫ్ వంటివి వచ్చాయి. పరిశోధన ప్రాజెక్టులుగా పుట్టిన సాధనాలకు ఇది సహజం. అందుకని చివరి విడుదల తేదీని, జవాబు లేకుండా మిగిలిన ఫిర్యాదులను, సోర్స్ కోడ్ అందుబాటును చూసి, ఈ సాధనం ఆగిపోతే మీ చేతిలో ఏం మిగులుతుందో ఒక వాక్యంలో రాసుకోండి.

నిర్ణయం

ఏ పరీక్షలో తప్పితే సాధనాన్ని పక్కన పెట్టేస్తారో మొదటి సాధనాన్ని తెరవకముందే రాసి, బృందమంతా ఒప్పుకున్నట్లు తేదీ వేయండి. అన్ని మార్కులూ కూడి ఒక మొత్తం తీయకండి; అందమైన రంగులకు వచ్చిన మార్కులు “ఓన్లీ” నియమం చూపలేకపోవడాన్ని పూడ్చలేవు. ఇంజినీర్లకు ఒకటి, నిపుణులకు ఇంకొకటి అని రెండు సాధనాలు తీసుకోవలసి వచ్చినా వెనకాడకండి, కాకపోతే రెండూ ఒకే ఫైలును చదవాలి. పరీక్షకు వాడిన ఆంటాలజీ నకళ్లను, నాటిన తప్పుల కాగితాన్ని, ప్రశ్నల సెట్లను, సాధనాల వెర్షన్ సంఖ్యలను ఒకే ఫోల్డర్‌లో భద్రపరచండి. ఎడిటర్ గానీ ప్లగిన్ గానీ కొత్త వెర్షన్‌కు మారిన ప్రతిసారీ కనీసం మార్గరీటా పరీక్షనూ, చోటు మారే నోడ్‌ల పరీక్షనూ, తెలుగు పేర్ల పరీక్షనూ మళ్లీ నడపండి.